కీర్తి వద్దు, అందరికీ ఉంది
(సటీకా తాత్పర్యం)

అవతారిక

కోలాచలం మల్లినాథ సూరి కాళిదాసుకు వ్యాఖ్య రాయబోతూ, మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఒట్టేసుకున్నాడు. మెదక్ సీమ కొల్చారం మనిషి. దేశమంతటి సంస్కృత విద్యార్థుల చేతికీ ఊతకర్ర ఇచ్చిన మహామహోపాధ్యాయుడు. ఆయనకు దణ్ణం పెట్టుకుని ఈ వ్యాఖ్యకు పూనుకుంటున్నాను. ఆయన నియమాల్లో మొదటిది పాటిస్తాను. రెండోది నా వల్ల కాదు. ముప్పై నాలుగేళ్లు బడిలో తెలుగు చెప్పినవాణ్ణి. అక్కర్లేనిది చెప్పకపోతే నలభై అయిదు నిమిషాల పీరియడు గడవదు.

వ్యాఖ్యకు ఎక్కిన గ్రంథం మా కుటుంబ వాట్సాప్ గ్రూపులో అవతరించింది. కర్త్రి మా అన్నయ్య కూతురు. స్థలం అమెరికాలో ఒక ఆసుపత్రి. కాలం మన లెక్కన తెల్లవారుజాము 4 గంటల 10 నిమిషాలు. కర్త్రికి పురిటి అలసట, పాఠకులకు నిద్రమత్తు. రసాస్వాదనకు ఇరుపక్షాలా అనువైన వేళ కాదు. ఛందస్సు వచనం. మూలప్రతిలో విరామచిహ్నాలకు బదులు చేతులు జోడించిన బొమ్మలూ, బొటబొటా కన్నీళ్లు కార్చే ముఖాలూ ఉన్నాయి. పరిష్కర్తగా వాటిని తీసేసి చుక్కలు పెట్టాను. ఇంకేమీ ముట్టుకోలేదు.

మూలం

“అందరికీ నమస్తే. పాపకి పేరు కావాలి, అర్జెంటు. మృగశిర నాలుగో పాదం, కీ. ఫేమస్ అని అర్థం రావాలి. కీర్తి వద్దు, అందరికీ ఉంది. యూనిక్‌గా, షార్ట్‌గా ఉండాలి. ఇక్కడివాళ్లకి నోరు తిరగాలి. రేపే డిశ్చార్జ్.”

ప్రతిపదార్థం

అందరికీ = గ్రూపులో ఉన్న నలభై ఏడుగురికీ; నమస్తే = ఒక్కొక్కరినీ వరసపెట్టి పలకరించే ఓపిక లేదని భావం; పాపకి = నిన్న పుట్టిన ఆడశిశువుకు; పేరు = ఇక్కడ కాస్త ఆగాలి.

పేరు అన్న మాటకు తెలుగులో రెండర్థాలు. “నీ పేరేంటి” అంటే ఒకటి, “పేరు తెచ్చుకున్నాడు” అంటే ఇంకోటి. మొదటిది ఊళ్లో ఎవరికైనా ఉంటుంది, రెండోది ఏ నలుగురికో. పేరున్నవాడు, పేరుపడ్డవాడు, పేరెన్నికగన్నవాడు అన్నంతవరకూ మర్యాదే. పేరుమోసినవాడు అనగానే పక్కన దొంగ వచ్చి నిలబడతాడు. పేరులోనే కీర్తి ఉండగా, ఆ పేరుకు మళ్లీ కీర్తి అని అర్థం రావాలనడం పునరుక్తి దోషం కాదా అని శంక. దోషమే. కానీ లోకమంతా చేసిన దోషం. ఉర్దూవాళ్ల నామ్‌కీ, చైనావాళ్ల మింగ్‌కీ ఇవే రెండర్థాలు. బైబిల్లో నోవహు కొడుకు షేము ఉన్నాడు. హీబ్రూలో షేమ్ అంటే పేరు, ప్రఖ్యాతి. నీ పేరేంటి నాయనా అంటే పేరేనండీ అని చెప్పాల్సిన మనిషి. హాజరుపట్టీలో అలాంటివాడు నాకు తగలనందుకు ఇప్పటికీ సంతోషం.

కావాలి = ఇమ్మని అడుగుట. ఇక్కడొక ధర్మసందేహం. పేరు పెట్టే హక్కు మేనత్తది. పాప మేనత్త ఈ గ్రూపులో లేదు, అటువాళ్ల గ్రూపులో ఉంది. అక్కడ ఇదే మూలం ఏ పాఠంతో ప్రచారంలో ఉందో మనకు తెలియదు.

అర్జెంటు = తొందర. ఈ తొందర మన దేశపుది కాదు. ఇక్కడ 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం పుట్టుకను 21 రోజుల్లో చెప్పమంటుంది గానీ పేరు అప్పటికే తేల్చి తీరాలనదు. ఆ గడి ఖాళీగా ఉంచి, ఏడాదిలోపు ఊరికేనే, ఆ తర్వాత 15 ఏళ్ల దాకా ఆలస్య రుసుము కట్టి పేరు చేర్పించుకోవచ్చు. 21 అన్న అంకె బారసాల నుంచే చట్టంలోకి నడిచివెళ్లిందని నేను అనను. అనాలని మాత్రం ఉంది. మూడు వారాలు నలుగురూ తగువులాడుకుని, పళ్లెంలో బియ్యం పరిచి, ఉంగరంతో అక్షరాలు దిద్ది, బిడ్డ చెవిలో మెల్లగా చెప్పేదాకా మన దగ్గర పేరుకు పరుగు లేదు. అక్కడ ఫారం ఆసుపత్రి మంచం దగ్గరికే వస్తుందట. ఉంగరం వేలికి ఉన్నా లాభం లేదు, బాల్‌పెన్ను కావాలి.

మృగశిర నాలుగో పాదం, కీ = వే, వో, కా, కీ అను నాలుగింటిలో చివరిది. అమెరికా టైము చూశారా, మన టైము చూశారా అని మా అక్క నిలదీసింది. చంద్రుడు ఒక్కడే, గడియారాలే వేరు అని సమాధానం. ఈ విషయంలో తల్లి అదృష్టవంతురాలు. ఒక్కరోజు ఆలస్యమై ఉంటే బిడ్డ ఆర్ద్రలో పడేది: కు, ఘ, ఙ, ఛ. ఙ అంటే వాచకంలో బొమ్మ లేకుండా మిగిలిపోయిన అక్షరం. నా సర్వీసులో ఆ అక్షరంతో మొదలయ్యే పిల్లవాడు ఒక్కడూ రాలేదు. ఆ పాదంలో పిల్లలు పుట్టడం మానేసి ఉండరు కదా. అంటే మన పంచాంగ నిష్ఠ ఙ దగ్గరికి వచ్చేసరికి పక్కసందులోంచి వెళ్లిపోతుందన్నమాట.

ఫేమస్ అని అర్థం రావాలి = ఇది గ్రంథానికి ప్రాణం.

ఫేమస్ అన్న మాటకు మూలం లాటిన్‌లోని ఫామా. మాట్లాడటం అనే ధాతువులోంచి పుట్టింది. కీర్తికీ పుకారుకూ రోమనులకు అదొక్కటే మాట. వర్జిల్ మహాకవి ఆ ఫామాను ఒళ్లంతా కళ్లూ నాలుకలూ చెవులూ మొలిచిన భూతంగా చూపించాడు. కర్త్రి ఆ వర్ణన చదివి ఉంటే పసిపిల్ల విషయంలో ఆ మాట ఎత్తేది కాదు.

మన కీర్తిదీ నోటి పనే. ఆ ధాతువుకు పేరెత్తి చాటడం అని అర్థం. ఖ్యాతి అన్నా చెప్పడమే. అమరసింహుడు యశస్సు, కీర్తి, సమజ్ఞ మూడింటినీ ఒకే వరసలో కూర్చోబెట్టాడు. తర్వాతివాళ్లకి తీరిక ఎక్కువై, దానం వల్ల వచ్చేది కీర్తి, శౌర్యం వల్ల వచ్చేది యశస్సు అని విడదీశారు. పాప నిన్నటినుంచి ఈ రెండూ చేయలేదు. పాలు తాగింది, నిద్రపోయింది.

ఇంకో మాట ఉంది, మనం మరిచిపోయింది: శ్రవస్సు. శ్రవణం, శ్రోత, శ్రుతి పుట్టిన ధాతువే. అంటే వినబడేది. కీర్తి అన్నది ఒకరి నోట్లో మొదలైనా ఇంకొకరి చెవిలో పడితేనే లెక్క అని ఆ మాట కట్టినవాళ్లకి తెలుసు. దీని తోబుట్టువులు దూరదూరాన స్థిరపడ్డాయి. గ్రీకులో క్లేయోస్, రష్యన్‌లో స్లావా, పాత జర్మను భాషల్లో హ్లూద్. ఋగ్వేదంలో తరగని కీర్తి అనే అర్థంలో ఒక జంటమాట ఉంది. హోమరు ఇలియడ్‌లోనూ అదే అర్థంలో ఒక జంటమాట ఉంది. రెండూ ఒక కడుపున పుట్టిన కవలలని అడాల్బర్ట్ కూన్ అనే జర్మను పండితుడు 1853లో చూపించాడు. ఈ ఇంట్లో పిల్లలకు ఈ పేరు పెట్టడం ఎప్పటి అలవాటో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు. ఊళ్లు మారారు, దేవుళ్లను మార్చారు, తిండి మార్చారు. బారసాల నాటి ఈ ఆశ మాత్రం మూటలోనే ఉండిపోయింది.

గ్రీకుల్లో పెరిక్లీస్ అంటే చుట్టూ కీర్తి గలవాడు. హెరాక్లీస్ అంటే హేరా దేవికి కీర్తి తెచ్చేవాడు. అతను బతికినన్నాళ్లూ ఆ హేరాయే అతన్ని కాల్చుకుతింది. క్లియోపాత్రా, పట్రోక్లస్ అన్నవి ఒకే సమాసం ముందొకసారి వెనకొకసారి తిప్పి కట్టినవి: తండ్రికి కీర్తి. ఈజిప్టు రాణి క్లియోపాత్రా తండ్రిని జనం వేణువు ఊదుకునేవాడని వెక్కిరించేవారు. ఆయనకంటూ మిగిలిన కీర్తి కూతురి పేరులో ఉన్నంతే.

స్లావులది ఇంకా పెద్ద కుటుంబం. మిరోస్లావ్, స్టానిస్లావ్, యారోస్లావ్, వ్యాచెస్లావ్. విశాలాంధ్ర పుస్తకాల షాపులో చవకగా సోవియట్ పుస్తకాలు కొని చదివిన తరానికి ఈ పేర్లు మేనమామల పేర్లంత పరిచయం. మన ఊళ్లలో స్టాలిన్‌లూ లెనిన్‌లూ ఉన్నారు కదా, ఒక వ్యాచెస్లావ్ ఎందుకు లేడని మా బావని అడిగాను. “రచ్చబండ మీద నిలబడి ఒకసారి పిలిచి చూడు, నీకే తెలుస్తుంది” అన్నాడు. వ్యాచెస్లావ్ అంటే మరింత కీర్తి గలవాడు. ఆ పేరుగల మోలొతోవ్ సోవియట్ విదేశాంగ మంత్రిగా చాలా ఒప్పందాల మీద సంతకాలు పెట్టాడు. లోకానికి గుర్తున్నది ఫిన్లండు సైనికులు 1939 చలికాలపు యుద్ధంలో ఎగతాళిగా ఆయన పేరు తగిలించిన పెట్రోలు సీసా. అదీ ఆయన పెట్టుకున్న మారుపేరు మీద. తల్లి పెట్టిన పేరుకి ఆ కీర్తి కూడా దక్కలేదు.

జర్మను వైపు రాబర్ట్ అంటే కీర్తితో వెలిగేవాడు. రోజర్ అంటే కీర్తిగల ఈటె. రుడాల్ఫ్ అంటే కీర్తిగల తోడేలు; అలాంటివాడు క్రిస్మస్ పాటలో ఎర్రముక్కు దుప్పిగా స్థిరపడ్డాడు. లూయీ అంటే యుద్ధాల్లో పేరుపొందినవాడు. ఫ్రెంచి రాజులు ఆ పేరుకు అంకెలు తగిలించుకుంటూ పద్దెనిమిది దాకా పోయారు. పదహారో ఆయన 1793లో తల పోగొట్టుకున్నందుకు పేరుపొందాడు. ఈ జాతిలో అర్థాన్ని నిలబెట్టినవాడు నాకు కనబడ్డంతలో ఒక రాబర్ట్ సూయెల్. మద్రాసు ప్రెసిడెన్సీలో ఉద్యోగం చేసి రిటైరయ్యాక, విజయనగరాన్ని మరచిపోయిన సామ్రాజ్యం అని పేరుపెట్టి 1900లో పుస్తకం రాశాడు. తన పేరులో ఉన్న వెలుగు హంపీ రాళ్ల మీద వేశాడు.

మిగతా లోకాన్ని త్వరగా చుట్టి వద్దాం, డిశ్చార్జ్ దగ్గరపడుతోంది. తమిళంలో నలవెణ్బా రాసిన కవి పేరు పుగళేంది, కీర్తిని ధరించినవాడు. జపానులో హోమరే అంటే ప్రశంస, గౌరవం. 2011 మహిళల ఫుట్‌బాల్ ప్రపంచకప్పు గెలిచిన జట్టు నాయకురాలు సావా హోమరే. అరబ్బీలో షహీర్ అంటే ప్రసిద్ధుడు. రాసేవాడి చెయ్యి చివరి అక్షరం మీద జారితే షహీద్ అయిపోతాడు, జాగ్రత్త. నైజీరియా యొరుబాల్లో ఓకికి అంటే ఖ్యాతి. ఓకికియోలా అంటే సంపద తెచ్చిన ఖ్యాతి, దాపరికం లేని మనుషులు. ఆ దేశంలోనే ఇగ్బోలు అఫమెఫునా అని పెట్టుకుంటారు: నా పేరు పోకుండుగాక. ఇది పాప తరఫున కోరిక కాదు, పెట్టిన తండ్రి తరఫున. తుర్కులది మరీ సూటి. యూనల్ అంటే కీర్తి తీసుకో. విధ్యర్థకం, మధ్యమ పురుష, ఏకవచనం. ఊయలలో ఉన్నవాడికి మొదటిరోజే ఆజ్ఞ.

మన క్రికెట్ జట్టులోనూ ఒకే మాట రెండు వేషాల్లో తిరుగుతోంది. యశస్వి జైస్వాల్ సంస్కృత పాఠం, జస్‌ప్రీత్ బుమ్రా పంజాబీ పాఠం. యాత్ర జాతర అయినట్టే, యంత్రం జంత్రం అయినట్టే, యశస్సు జస్ అయింది. ఈ ఇద్దరి విషయంలో అర్థం బాగానే అతికింది కాబట్టి వ్యాఖ్య అనవసరం.

అతకనివే ఎక్కువ. శ్రుతకీర్తి అంటే ఎవరి కీర్తి నలుగురూ విన్నారో ఆవిడ. ఈమె ఎవరో చెప్పండి చూద్దామని చాలా ఏళ్లు తరగతుల్లో అడిగాను. సీత చెప్పారు, ఊర్మిళ చెప్పారు, మాండవి దాకా ఒకరిద్దరు వచ్చారు. శత్రుఘ్నుడి భార్య శ్రుతకీర్తి దగ్గరికి ఎవరూ చేరలేదు. ఊర్మిళకి నిద్రపోయినందుకు మన ఆడవాళ్లు ఒక పాటే కట్టారు. పేరులోనే వినికిడి పెట్టుకున్న చెల్లెలికి మేలుకుని ఉన్నందుకు ఏమీ దక్కలేదు. భూరిశ్రవుడు, అంటే బోలెడు కీర్తి గలవాడు, భారతంలో చెయ్యి తెగి నేల మీద కూర్చున్నవాడిగా ఒక్కచోట జ్ఞాపకం. విశ్రవసుడు, అంటే విశేషంగా వినబడినవాడు, ఎవరంటే రావణాసురుడి నాన్న అని చెప్పుకోవాలి.

విశేషం. యోగం, రూఢి అని మాటలకు రెండు శక్తులు. విడగొడితే వచ్చే అర్థం యోగం, వాడుకలో స్థిరపడ్డ అర్థం రూఢి. పేర్లన్నీ పుట్టినరోజున యోగాలు, బడిలో చేరే వేళకు రూఢులు. శాంతమ్మగారని ఒకావిడ గొంతెత్తితే వీధి చివరి కుక్కలు లేచేవి. పిలిచేవాళ్లకి శాంతి గుర్తొచ్చేదా?

కీర్తి వద్దు, అందరికీ ఉంది = కర్త్రి ప్రతిభకు ఇది పరాకాష్ఠ. అర్థం ప్రసిద్ధి కావాలి, పేరు మాత్రం ప్రసిద్ధం కాకూడదు. కీర్తి అనే పేరు మరీ కీర్తి పొందింది కాబట్టి పనికిరాదు. మా అన్నయ్య ఉండే అపార్ట్‌మెంట్‌లోనే ముగ్గురున్నారు: రెండో అంతస్తు కీర్తి, లిఫ్టు పక్క కీర్తి, డాక్టరుగారి కీర్తి. ఎవరికి వారికి విశేషణం తగిలిస్తే తప్ప విశేష్యం నిలబడటం లేదు. అలంకారం విరోధాభాసమని తొందరపడి రాసి, కొట్టేశాను. విరోధాభాసంలో పైకి విరోధం ఉంటుంది, లోపల పరిహారం ఉంటుంది. ఇక్కడ లోపల ఎంత వెతికినా పరిహారం దొరకలేదు. కాబట్టి మిగిలింది ఆభాసమే.

కీర్తిని కాదనడానికి కర్త్రికి ఇంకేం కారణం ఉందని నా ఆవేదన. గీతలో కృష్ణుడు, ఆడవాళ్లలో నేను ఫలానా ఫలానా అని చెప్పుకుంటూ మొదట ఎత్తినది కీర్తినే. కవిసమయంలో కీర్తి రంగు తెలుపు. వెన్నెల, పాలు, హంస, మంచు అన్నీ దాని ముందు దిగదుడుపు. రాధ తల్లి పేరు కీర్తిద. కృష్ణుణ్ణి పెంచిన తల్లి యశోద. ఇద్దరి పేర్లకూ అర్థం ఒకటే, కీర్తినిచ్చేది. వియ్యం కుదిరిందో లేదో పురాణాలు తేల్చుకోవాలి గానీ పేర్లు చూస్తే వియ్యపురాళ్లు ముందే మాట్లాడుకున్నట్టుంది.

యశోద దగ్గర ఇంకో సంగతి ఉంది. లోకంలో అంతగా వినబడ్డ పేరు ఇంకోటి ఉండదనుకునే ఆ పిల్లవాడి నామకరణం ఎలా జరిగింది? గర్గుడు వచ్చాడు. కంసుడికి తెలిస్తే ముప్పని, మేళం లేకుండా, చుట్టాల్ని పిలవకుండా, మందలో ఎవరూ లేని చోట గుట్టుగా కానిచ్చాడు. నలభై ఏడుగురికి తెల్లవారుజామున టముకు వేయలేదు.

దాచిపెట్టే పేర్లు మనకూ ఉన్నాయి. వరసగా పిల్లలు దక్కని ఇంట్లో పుట్టిన బిడ్డను పెంటకుప్ప మీదో ఎంగిలి విస్తళ్లలోనో ఒక్కసారి దొర్లించి పెంటయ్య, పుల్లయ్య, పెంటమ్మ అని పిలిచేవారు. భిక్షమయ్య అంటే అడుక్కుని తెచ్చుకున్న బిడ్డ, మావాడు కాడు అని బుకాయింపు. వచ్చే యముడు ఈ చెత్త మనకెందుకులే అని పక్కింటికి పోవాలని ఎత్తు. ఆ పేర్లకు ఒకటే ప్రార్థన: ఎవరి చెవినా పడకుండా ఈ ఏడు గడిస్తే చాలు. మా నాయనమ్మ పెంటమ్మ. ఊరు ఊరంతా ఆ పేరే. తొంభై ఒకటో ఏట పోయింది, కాబట్టి పేరు తన పని శుభ్రంగా చేసింది. ఆవిడ పేర ఉన్న అర ఎకరం మార్పించడానికి వెళ్తే కాగితాల్లో పెంటమ్మ లేదు. యశోదమ్మ ఉంది. అప్పటిదాకా మా నాన్నకు కూడా తెలియదు. కీర్తినిచ్చేది అన్న పేరు తహసీల్దారు కచేరీలో ఒక గుమస్తా నోట, ఆవిడ పోయిన నాలుగో నెలలో, రెండుసార్లు వినబడింది. రెండోసారి ఎందుకంటే మేం మొదటిసారి పలకలేదు.

యూనిక్‌గా = ఇంకెవరికీ లేనట్టుగా. చరిత్రలో దీనికొక దారి ఉంది. బాదామి చాళుక్య రాజు కీర్తివర్మకు రెండో పులకేశి ఒక కొడుకు, విష్ణువర్ధనుడు ఇంకో కొడుకు. ఈ రెండోవాడు వేంగికి వచ్చి తూర్పు చాళుక్య వంశం నిలబెట్టాడు. తెలుగునాట అతన్ని ఏమంటారు? కుబ్జ విష్ణువర్ధనుడు. గూని అన్న విశేషణం పదమూడు వందల ఏళ్లు దాటినా ఊడలేదు. తండ్రి పేరు కీర్తి, పరీక్షలో అడిగేది కొడుకు గూని. ఇంకెవరికీ లేని పేరు మన చేతిలో ఉండదని, చూసే లోకం తగిలిస్తుందని ఇక్కడ ధ్వని. గ్రూపులో ఇది పెడితే మా అన్నయ్య “పసిపిల్ల పేరు అడిగితే గూని గురించి చెప్తావేంట్రా” అన్నాడు. ధ్వని అతనికి అందలేదు.

షార్ట్‌గా = రెండక్షరాలకు మించకుండా. ఇంగ్లీషులో రాసేటప్పుడు ఈ నియమం వర్తించదని సంప్రదాయం. తి అన్న ఒక్క అక్షరానికి తెలుగువాడు టి, హెచ్, ఐ మూడూ వాడతాడు. కీకి రెండు ఈలు. సంఖ్యాశాస్త్రం చూసేవాయన దగ్గరికి వెళ్తే ఇంకో ఐ, చివర ఇంకో హెచ్. పలికితే రెండక్షరాలు, పాస్‌పోర్టులో గడులు చాలవు.

ఇక్కడివాళ్లకి నోరు తిరగాలి = అక్కడి టీచర్లకు, నర్సులకు, కాఫీ గ్లాసు మీద పేరు రాసే కుర్రాడికి అలవిగా ఉండాలి. ఇన్ని నియమాలూ కలిపి చూసి నేనొక పేరు పంపాను: క్లీయో. క్లేయోస్ బిడ్డ, మన శ్రవస్సుకు స్వయానా దాయాది. గ్రీకుల చరిత్ర దేవత. రెండక్షరాలు. అక్కడివాళ్లకి నోరు తిరుగుతుంది. ఇక్కడ ఎవరికీ లేదు. క్లీ అంటే కీ అవుతుందా అని శంక వస్తే, కకారమూ ఈకారమూ స్వస్థానాల్లోనే ఉన్నాయి, లవత్తు అతిథి మాత్రమే అని సమాధానం కూడా సిద్ధం చేసుకున్నాను. శంక ఆ వైపు నుంచి రాలేదు. పురుడు పోయడానికి వెళ్లి అక్కడే ఉన్న మా వదిన వాయిస్ మెసేజి పెట్టింది: “క్లీయో ఏంటయ్యా, దోమల మందులాగా. కీర్తన అని పెట్టుకుంటే పోలా?” కీర్తన అంటే కీర్తి కాదు వదినా, పొగడ్త, పాట అన్నాను. పొగడకుండా కీర్తి ఎక్కణ్ణించొస్తుందయ్యా అంది. ఈ మాటకు నా దగ్గర సమాధానం లేదు. వదిన ఎనిమిదో తరగతితో ఆపేసింది.

మా అక్క కొడుకు కియా అన్నాడు. కీ ఉంది, పొట్టి, నోరు తిరుగుతుంది. ఆ పేరు మీద పెనుకొండ దగ్గర 2019 నుంచి కార్లు దిగుతున్నాయిరా అని గుర్తుచేశాను. “అయితే ఫేమసే కదా మామయ్యా” అన్నాడు. లక్షణం చూస్తే వాడిదే సరి.

రేపే డిశ్చార్జ్ = కవి సమయపాలన కోరుతున్నది.

తాత్పర్యం

ఓ బంధువులారా! నా కూతురి పేరు వినగానే ఇది కీర్తి అని తెలియాలి, అయితే ఆ పేరు మునుపు ఎవరూ విని ఉండకూడదు. అది మన తాతలకు నచ్చాలి, అది మన భాషదని పొరుగువాళ్లకు తెలియకూడదు. చంద్రుడు చెప్పిన అక్షరంతో మొదలవ్వాలి, నర్సు చెప్పగల అక్షరంతో ముగియాలి. మీకు ఇరవై నాలుగు గంటలు ఇస్తున్నాను, అని భావము.

ఇంతవరకు రాసి, అచ్చుతప్పులు దిద్ది, గ్రూపులో పెట్టబోతుండగా కర్త్రి దగ్గర్నుంచి ఫోనొచ్చింది.

“బాబాయ్, పేరు ఇచ్చేశాం. ఫారం పట్టుకుని ఆవిడ నిలబడింది. ఏమీ తోచలేదు. కీర్తి అని రాసేశాను.”

“అందరికీ ఉందన్నావు కదమ్మా?”

“ఇక్కడ ఈ అంతస్తులో ఎవరికీ లేదు బాబాయ్.”

“ఇంతకీ ఇంట్లో ఏమని పిలుస్తున్నారు?”

“అమ్మ చిట్టీ అంటోంది. దానికే కళ్లు తెరుస్తోంది.”

“మరి అక్కడివాళ్లకి నోరు తిరిగిందా?”

“నర్సు కర్టీ అంది.”

పాఠాంతరం: కర్టీ. (అమెరికా ప్రతి.)